ఒక ఇల్లు, ఒక మాట

ఏక్‌బాల్‌పూర్ డాకు లైన్లో, ఓడరేవు పనివాళ్ల ఇళ్ల వరసలో, మేరీరాణికి పేర్లు పెట్టడం అందరికీ సరదా. కార్పొరేషన్ వార్డు క్లినిక్‌లో ఆమెది చిన్న ఉద్యోగం. పసిపిల్లలకి చుక్కల మందు వేయించడం, వానాకాలంలో ఇల్లిల్లూ తిరిగి నిలవ నీళ్లు పారబోయించడం. "ఓలె, దోమల మేరీ వత్తన్నాది, బిందెలు దాసీయండే" అని ఆడవాళ్లు నవ్వేవారు. ఆమె ఊరుకునే మనిషి కాదు. "దాసుకోండి, దాసుకోండి. రేపు డెంగీ వత్తే ఆ దోమనే పిలండి, అదే మందిత్తాది" అనేది. కరోనా రెండో విడత వచ్చేసరికి దోమల మేరీ పోయి ఫోన్ మేరీ అయింది. ఆ పేరులో నవ్వు లేదు.

ఆమె పుట్టింది ఇక్కడే. తల్లి చిన్నప్పుడే పోతే మేనమామ గురువులు, అత్త తవిటమ్మ పెంచారు. గురువులు శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ఈ బెంగాలీ ఊరికి వచ్చి డాకులో ఖలాసీగా చేసి రిటైరైనవాడు. మేరీకి ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే బెంగాలీ. తెలుగు అక్షరం ముక్క రాదు. రెండు భాషలూ ఒకే నోట్లో వేసుకుని తిరిగేది. ఏ మాట ఏ సంచిలోదో ఎవరూ అడగలేదు, ఆమె ఆలోచించనూ లేదు.

క్లినిక్ డాక్టర్ సుదేష్ణ మేరీ కంటే చిన్నది. కరోనా వార్డుకి తిరుగుతోందని తెలియగానే అద్దెకిచ్చినవాళ్లు ఆమెని ఖాళీ చేయించారు. మర్యాదగానే. "ఇంట్లో ముసలివాళ్లున్నారు, డాక్టర్ గారూ" అన్నారట. ఆమె క్లినిక్ మేడ మీద మందుల పెట్టెల మధ్య మంచం వేసుకుంది. ఈ సంగతి మేరీ ఇంట్లో చెబితే తవిటమ్మ చేతిలో గరిట పట్టుకునే లేచింది.

"ఎవులి కన్నబిడ్డో! ఆ మందుల కంపులో తొంగుంతాదా? ఏటి తింతాదే?"

"బిస్కత్తులు."

"బిస్కత్తులు తిని మందులిత్తాదా? పద, కూడట్టుకెల్లు."

అప్పటినుంచి మేరీ చేతిలో రోజూ ఒక డబ్బా వెళ్లేది. మొదటి రోజు చేపల పులుసు కలుపుకుని తిన్న డాక్టరుకి కళ్లంట నీళ్లు, ముక్కంట నీళ్లు. "మీ అత్త నన్ను చంపేస్తుంది" అని బెంగాలీలో అంటూనే గిన్నె నాకేసింది. తవిటమ్మ ఆ మాట విని వారం పాటు లైనంతా చెప్పుకుంది. "నా పులుసు తిని డాకటేరు ఏడిసింది" అని.

నిజంగా ఏడ్చిన రోజు వేరు. ఒక పొద్దున్న మేరీ క్లినిక్ మెట్లెక్కుతుంటే సుదేష్ణ మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. ఎత్తడం లేదు. ఒకాయన ఆక్సిజన్ లేదని అమ్మనా బూతులు తిట్టాడు. ఇంకొకాయన జ్వరంతో మొదలుపెట్టి మోకాలి నొప్పి దాకా చెప్పాడు. ఆ మోకాలి నొప్పి నడుస్తుండగా వెనక వీధిలో ఒక ఆడమనిషి పోయింది. ఆమె కొడుకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. లైను దొరకలేదు.

మేరీ ఆమె పక్కన కూర్చుంది. దూరంగా ఉండాలన్న నిబంధన ఆ పూటకి మానేసింది.

"ఇకనుంచి మా లైనువాళ్లెవరూ నీకు ఫోన్ చెయ్యరు, డాక్టర్ దీదీ. నేను తిరిగి, నేనే చెబుతాను. ఒక ఇల్లు, ఒక మాట. అంతే."

అలాగే చేసింది. లైనంతా తిరిగి చెప్పింది. డాక్టరమ్మకి ఎవరూ ఫోన్ చెయ్యొద్దు, నాకు చెప్పండి అని. గురువులుతో పనిచేసిన కూర్మయ్యకి కోపం వచ్చింది. "ఏటే, ఇప్పుడు దగ్గాలన్నా నీకాడ సెలవట్టుకోవాలేటి?" అన్నాడు. "దగ్గుకి అక్కర్నేదు కూర్మయ్య బాబాయ్, నీ నోటికి కావాల" అంది మేరీ. రోజూ కిటికీ కిటికీకీ వెళ్లి అడిగేది. చివరికి గోడకి ఆనుకుని ఫోన్ చేసేది. కాసులమ్మ, జ్వర్. కూర్మయ్య, భాలో, అంటే బాగున్నాడని. సుందర్ వాళ్ల అమ్మ, శ్వాసకష్టొ. ఊపిరి ఆడకపోవడానికి బెంగాలీ మాట అది. ఆ మాట వినబడితే డాక్టరు బయల్దేరాలి. మిగతావాళ్లకి అటునుంచి "ఆచ్ఛా, తార్‌పొర్?" అని వచ్చేది. సరే, తర్వాత? అని. పని తేలికైంది. డాక్టరు కాస్త నిద్రపోతోంది, కాస్త తింటోంది. లైన్లో జనం కూడా బతికి బట్టకడుతున్నారు. మేరీకి గర్వం ఉండేది. ఉండదా మరి?

తర్వాత గురువులుకి జ్వరం వచ్చింది.

తగ్గింది, మళ్లీ వచ్చింది. జ్వరాల ఇళ్లు తిరగడం మొదలయ్యాక మేరీ క్లినిక్‌లోనే పడుకుంటోంది, మామనీ అత్తనీ కిటికీలోంచే పలకరిస్తోంది. ఆ రోజు పొద్దున్న మేరీ కిటికీ దగ్గరికి వెళ్లేసరికి మంచం అంచున వంగి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద చేతులు. ఓడ మీంచి కిందికి కేకేస్తే రోడ్డు మీదవాళ్లు తిరిగి చూసేవారని అతని గొంతు గురించి చెప్పుకునేవారు. ఆ గొంతు లోపలే ఎక్కడో ఆగిపోయింది.

"మావా, ఎలాగున్నాది?"

"ఆయాసం..." అన్నాడు. ఇంకేదో అనబోయి చెయ్యి ఊపాడు.

"రాత్రి నుంచీ ఆయాసమే" అంది తవిటమ్మ వెనకనుంచి. "తొంగోనేదు. ఓలమ్మా, బేగి సెప్పవే."

మేరీ అక్కడే నిలబడి ఫోన్ చేసింది. వరుస తప్పించి అతని పేరే ముందు చెప్పింది. ఎన్నో ఇళ్ల ఆయాసాన్ని శ్వాసకష్టంగా మార్చిన నాలుక సొంత ఇంటి కిటికీ దగ్గర తిరగలేదు. మామ చెప్పిన ఆయాసమే నోట్లో ఉండిపోయింది.

"గురువులు మామా, ఆయాసే ఆఛే" అంది, ఆయాసంతో ఉన్నాడన్నట్టు.

బెంగాలీలో ఆయేష్ అంటే హాయి. కాళ్లు చాపుకుని, దిండుకి ఆనుకుని, ఏ బాధా లేకుండా ఉండడం. ఆయేషే ఆఛే అంటే మనిషి సుఖంగా ఉన్నాడని. అటుపక్క సుదేష్ణ నడుస్తూ, వగరుస్తూ, ఆ మాటే విన్నది. పెద్దగా ఊపిరి వదిలింది. "ఆచ్ఛా... తార్‌పొర్?"

ఆ నిట్టూర్పు మామ కోసమేననుకుంది మేరీ. సుందర్ వాళ్ల అమ్మకి శ్వాసకష్టొ అని కూడా చెప్పి ఫోన్ పెట్టేసింది.

కాసేపటికి ఆక్సిజన్ సిలిండరు తోపుడుబండి మీద వచ్చింది. డాక్టరుకి ఆ రోజు దొరికింది అదొక్కటే. బండి గురువులు గుమ్మం దాటి లైను చివరికి, సుందర్ వాళ్ల ఇంటికి పోయింది. తవిటమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది.

"మనకి కాదేటే?"

"ఆవిడికి మరీ ఎక్కువగా ఉన్నాదత్తా. డాక్టరమ్మ సూసుకుంతాది. మనకీ వత్తాది."

మధ్యాహ్నానికి గురువులు పెదవుల రంగు మారింది. మేరీ ఇంట్లోకే వచ్చేసి అతన్ని బోర్లా పడుకోబెట్టింది, వీపు రాసింది. కారు కోసం, అంబులెన్సు కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసింది. ఎవరూ రాలేదు. తవిటమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మరోపాలి సెప్పే. డాకటేరుకి మరోపాలి సెప్పే, నీ కాల్లట్టుకుంతాను."

"సెప్పీసినానత్తా. ఆవిడికి తెలుసు. పదేపదే సేత్తే ఇంకోలకి లైను దొరకదు."

ఆ నియమం పెట్టింది తనే. సొంత మామ కోసం తప్పితే లైన్లో ఎవరు ఆగుతారు? అలా అనుకుంది. పొద్దు వాలేలోగా గురువులు పోయాడు.

చివరికి ఫోన్ చేసింది. పోయాడని చెప్పింది. సుదేష్ణ పరుగున వచ్చింది. తెల్లటి ప్లాస్టిక్ తొడుగులో, కళ్లద్దాల మీద ఆవిరితో, గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపలికి చూసి, తవిటమ్మని చూసి, నమ్మలేనట్టుగా అంది.

"సొకాలే తో ఆయేషే ఛిలేన్!"

పొద్దున్న హాయిగా ఉన్నారు కదా, అని.

తవిటమ్మకి ఆ వాక్యంలో ఒక్క మాటే తెలిసింది. అది ఆమె సొంత మాట. చప్పున లేచింది.

"ఇన్నావా? ఇన్నారా అందరూ? ఆయాసమంతన్నాది! దీనికి తెలుసు! తెలిసే రానేదు! నా సేతి కూడు తినీసి, నా మొగుడి గుమ్మం మీంచే ఆ బండి తోలించీసింది!"

బయట జనం పోగయ్యారు. కూర్మయ్య ముందుకొచ్చాడు. "ఇల్లిడిసి ఎలా ఎల్తాదో సూత్తాను" అన్నాడు. ఎవరో గడియ వేసే కర్ర లాగి అతని చేతికిచ్చారు. సుదేష్ణకి తెలుగు రాదు. కోపం ఏ భాషలో ఉన్నా తెలుస్తుంది కాబట్టి ఒక అడుగు వెనక్కి వేసి, మేరీ వైపు చూసింది. ఏమంటున్నారు? అని.

మేరీ అప్పటికే రాయిలా అయిపోయింది. ఆయేషే ఛిలేన్. పొద్దున్న తను అన్నదేమిటో, అటుపక్క వినబడిందేమిటో, ఆ నిట్టూర్పు దేనికో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఆ గుమ్మంలో పొద్దున్న ఫోన్లో అన్న మాటా, దాని రెండు అర్థాలూ తెలిసినది ఆమె ఒక్కతే. నోరు మూసుకుంటే ఈ సంగతి ఈ జన్మలో ఎవరికీ తెలియదు. డాక్టరుకి దెబ్బలు పడతాయి, ఉద్యోగం మానుకుని పోతుంది, మేరీ మాత్రం అత్తకి మేనకోడలిగానే మిగులుతుంది. అది ఆమెకి తెలుసు. ఒక్క క్షణం ఆగింది కూడా. ఆగలేదని చెబితే అబద్ధం.

"బాబాయ్, కర్ర దించు" అంది. "డాక్టరమ్మకి తెల్దు. నేను సరిగ్గా సెప్పనేదు."

"సెప్పీసినానన్నావు కాదేటే?" అంది తవిటమ్మ.

"మన మాట అనీసినానత్తా. ఆలకి మన ఆయాసమంతే సుకమని. మావ సుకంగా ఉన్నాడని సెప్పీసినాను."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. కూర్మయ్య కర్ర పట్టుకునే నిలబడ్డాడు. మేరీ ఇంకోసారి చెప్పింది. తర్వాత డాక్టరు వైపు తిరిగి అదే బెంగాలీలో చెప్పింది. అది ఇంకా కష్టమైంది. సుదేష్ణ గోడ పట్టుకుంది. తొడుగు లోపలినుంచి సన్నగా అంది, "నేనైనా అడగాల్సింది. తప్పు నాది కూడా."

ఆ మాటని మేరీ తెలుగులోకి మార్చలేదు.

తవిటమ్మ ఏడవడం ఆపేసింది. మేరీని కొట్టలేదు, తిట్టలేదు. గురువులు కాళ్ల దగ్గర కూర్చుని దుప్పటి సర్దింది. కార్పొరేషన్ బండివాళ్లు వచ్చి అతన్ని ప్లాస్టిక్‌లో చుడుతుంటే మేరీ పట్టుకోబోయింది. "నువ్వొద్దు" అంది తవిటమ్మ. అంతే అంది.

మర్నాడు పొద్దున్న మేరీ మళ్లీ బయల్దేరింది. బయల్దేరక చస్తుందా? ఆ లైన్లో ఇంకా జ్వరాలున్నాయి, ఆ జ్వరాలకి ఇంకా ఆ డాక్టరే ఉంది. ఈసారి ప్రతి కిటికీ దగ్గరా ఆగి, విన్నది విన్నట్టు బెంగాలీలో పైకి చెప్పుకుని, అప్పుడే ఫోన్ చేసింది. సుదేష్ణ కూడా ప్రతి మాటనీ తిప్పి అడిగింది. ఊపిరి ఎలా ఉంది? పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా? పెదవులు చూశావా? ఇద్దరి గొంతులూ బొంగురుగానే ఉన్నాయి. పొద్దున్న సగం అలాగే గడిచిపోయింది.

అత్త కిటికీ దగ్గరికి చివర వెళ్లింది. తవిటమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది ఏడుపువల్లో జ్వరంవల్లో తెలియలేదు.

"అత్తా, ఒల్లెలాగున్నాది?"

తవిటమ్మ మొహం తిప్పుకుంది.

"జొరమేటి? డాక్టరమ్మ లైన్లోనే ఉన్నాది. సెప్పత్తా, సెప్పీత్తాను."

తవిటమ్మ లేచి వచ్చింది. ఊచల మధ్యనుంచి చెయ్యి చాపి మేరీ చేతిలోని ఫోన్ తీసుకుంది. ఇన్నేళ్లూ బజార్లో చేపల బేరానికి తప్ప ఆమె బెంగాలీ మాట్లాడి ఎరగదు. చెవి దగ్గర పెట్టుకుని, గోడ వైపు తిరిగి, పిల్లలు పాఠం అప్పగించినట్టు ఒక్కొక్క మాటే కూడబలుక్కుంది.

"ఆమి తవిటమ్మ. ఆమార్... జ్వర్. దగ్గు, కాశి, ఆఛే. నిశ్వాస్... నిశ్వాస్ ఠిక్." ఊపిరి బాగానే ఉందని.

అటునుంచి డాక్టరు ఏదో అడిగింది. తవిటమ్మకి అర్థం కాలేదు. మేరీకి వినబడింది, చెప్పబోయి నోరు తెరిచింది. తవిటమ్మ చెయ్యెత్తి వద్దంది. డాక్టరు మళ్లీ అడిగింది, నెమ్మదిగా, ఇంకా చిన్న మాటల్లో. తవిటమ్మ నుదురు ముడేసుకుని విన్నది. మళ్లీ మొదటినుంచి చెప్పుకొచ్చింది. మేరీ కిటికీ అవతల అలాగే నిలబడి ఉంది.