దుమ్ముపట్టిన గెలాక్సీకి శాలువా

ఆ రోజుల్లో నాకు దేన్ని చూసినా అదెంత దూరమో చెప్పేయాలని మహా ఉబలాటంగా ఉండేది. సిడ్నీలో పీహెచ్‌డీ రెండో ఏడు, ఒంట్లో ఓపికా నెత్తిన పొగరూ రెండూ పుష్కలం. నేను చేసే పనేమిటంటే, టెలిస్కోపులు ఆకాశంలో ఒకే ముక్కని రకరకాల ఫిల్టర్లు పెట్టి తీసిన ఫొటోలు ముందేసుకుని, ఫలానా గెలాక్సీ ఏ ఫిల్టర్‌లో ఎంత వెలుగుతోందో చూసి, అదెంత దూరంలో ఉందో అంచనా కట్టడం. దూరం పెరిగేకొద్దీ వెలుగు సాగిపోయి ఎర్రబడుతుంది, కాబట్టి ఎరుపుని చూసి దూరం చెప్పేయొచ్చు. (పెళ్ళిచూపుల్లో కుర్రాడి చొక్కా చూసి ఉద్యోగం చెప్పేసే పెద్దమ్మలున్న ఇల్లు మాది. ఈ విద్య నాకు రక్తంలోనే ఉందనుకునేదాన్ని.)

అప్పుడు నేనుండేది సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో ఒక తెనాలి ఆంటీ ఇంట్లో, వెనకవైపు గదిలో. ఆవిడకి నేను పెట్టుకున్న పేరు టముకు ఆంటీ. ఆవిడ చెవిన ఓ మాట పడితే, నా రైలు పారమట్టా చేరేలోపు మనవాళ్ళ కొట్లుండే హారిస్ పార్క్‌లో స్వీట్ల కొట్టువాడు దాని మీద అభిప్రాయం కూడా చెప్పేవాడు. మనిషి మాత్రం బంగారం. నేను వద్దంటున్నా వినకుండా పొద్దున్నే క్యారియర్ కట్టి బ్యాగులో కుక్కేది. యూనివర్సిటీలో ఆ మూత తీస్తే గోంగూర వాసనకి పక్క గదుల వాళ్ళు కూడా వచ్చి పలకరించేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం నా ఫొటోల్లో ఆవగింజంత చుక్క ఒకటి దొరికింది. నీలం ఫిల్టర్లలో అసలు లేదు, పసుప్పచ్చలో లేదు, చిట్టచివరి ఎర్ర ఫిల్టర్లలో మాత్రం నేనున్నానంటోంది. దూరం లెక్కగట్టే ప్రోగ్రాము రెండు జవాబులిచ్చింది. ఒకటేమో, ఇది ఇంతవరకూ ఎవరూ చూడనంత దూరం. రెండోది, ఓ మూల బితుకుబితుకుమంటూ, ఇది దగ్గరదే, ఒంటినిండా దుమ్ముండి ఎర్రగా కనబడుతోంది, అంతే. ఆ వయసులో ఏ పిల్లయినా దుమ్ముని కోరుకుంటుందా, మీరే చెప్పండి! మా గైడు (గడ్డకట్టే చలిలో కూడా నిక్కరు మీదే తిరిగే తెల్లాయన, నాకు నిక్కరు సార్) కాసేపు చూసి, మోకాలు గోక్కుని, "బావుంది. దుమ్ము వెలిగే తరంగాల్లో తీసిన ఫొటోలు ఇంకో ఆకాశ సర్వేవాళ్ళవి త్వరలో వస్తాయి. అక్కడా చీకటిగా ఉంటే నీదే గెలుపు. అందాకా ఎవరికీ చెప్పకు, మేట్" అన్నారు. ఎవరికీ అంటే సైంటిస్టులకని నేననుకున్నాను.

"మొహం అలా వెలిగిపోతోందేంటే?" అంది ఆంటీ, నేను ఇంట్లో అడుగు పెట్టగానే.

"ఓ గెలాక్సీ దొరికింది ఆంటీ. ఇంత దూరంది ఎవరూ చూసినట్టు లేదు."

"ఎవరూ అంటే, మొత్తం సిడ్నీలోనా?"

"ప్రపంచంలో."

ఇంకా కన్ఫర్మ్ కాలేదు ఆంటీ అని కూడా అన్నాను, దేవుడి మీద ఒట్టు. కానీ అప్పటికే ఆవిడ ఫోను చేతిలోకి వచ్చేసింది. రాత్రి వంట కాకముందే మా తెలుగువాళ్ళ సంఘం ప్రెసిడెంటు మైకు అంకుల్ నుంచి కబురు: వచ్చే ఆదివారం హారిస్ పార్క్ హాల్లో సన్మానం! ఫ్లెక్సీ కూడా కొట్టించారు. మధ్యలో నా పాస్‌పోర్టు ఫొటో, కుడివైపు శనిగ్రహం, ఎడమవైపు నిప్పులు కక్కుతూ ఓ రాకెట్టు. ఆ రెండింటితో నాకు ఏ సంబంధమూ లేదు. పైగా ఆ రోజు నన్ను సభకి పరిచయం చేసే పని టముకు ఆంటీకి అప్పగించారు. అన్నేళ్ళుగా ఆవిడకి ఆ సంఘంలో పులిహోర గరిటె తప్ప మైకు ఇచ్చిన పాపాన పోలేదు. వారమంతా ఆవిడ కుక్కర్ ముందు నిలబడి, "సభకు నమస్కారం" అని ప్రాక్టీసు చేస్తూనే ఉంది.

శనివారం కొత్త ఫొటోలు వచ్చాయి. నా చుక్క ఉండాల్సిన చోట చీకటిగా ఉండాలి కదా, అక్కడ పెళ్ళివారింటి బల్బులా వెలిగిపోతోంది. మొత్తం దుమ్మే. వాటిని పంపిన మెయిల్లో నిక్కరు సార్ ఒక్క ముక్క రాశారు: "దుమ్ము. సారీ, మేట్." వంటింట్లోకి వెళ్ళి ఆంటీకి చెప్పేశాను.

"దుమ్మా?" అని ఆవిడ స్టూలు మీద కూలబడింది. "హాలు నిండా జనం వస్తారే. శాలువా కూడా నేనే సెలెక్ట్ చేశాను. మొదటిసారి నాకు మైకిచ్చారే, అమ్మడూ." ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. అంతలో ఆవిడే తేరుకుని, "ఎవరికీ చెప్పకు. వాళ్ళేమన్నా వెళ్ళి కొలిచొస్తారా ఏంటి?" అంది. కొలవరు. కానీ లేని గొప్పకి శాలువా కప్పించుకుని, ఆ మర్నాడు నిక్కరు సార్ మొహం ఎలా చూడటం? నిజం చెబితే ఆంటీ పరువు పోతుంది, చెప్పకపోతే నాది.

ఆదివారం మైకు అంకుల్ ఆర్యభటుడి దగ్గర మొదలుపెట్టి, తన మోకాలి ఆపరేషన్ మీదుగా తిరిగి తిరిగి, ఎలాగోలా మైకు వదిలారు. ఆంటీ పట్టుచీర సర్దుకుని లేచింది. నేను కుర్చీ అంచున కూర్చుని, ఆవిడ మాట్లాడటం కాగానే లేచి ఏం చెప్పాలా అని లోపల కూడబలుక్కుంటున్నాను. "సభకు నమస్కారం" అంది. చేతిలో మైకు, ఎదురుగా నిండు హాలు. ఎవరికీ చెప్పొద్దని నాకు చెప్పిన మనిషి, పాపం, ఎంతని ఆపుకుంటుంది?

"మా అమ్మాయి అన్నిట్లోకీ దూరపు గెలాక్సీ కనిపెట్టింది. నిన్న పొద్దున్నదాకా అది దూరంగానే ఉంది. మధ్యాహ్నానికి దగ్గరికొచ్చేసింది!"

ముందు వరసలో ఓ పెద్దావిడ, "మనకేం ప్రమాదం లేదు కదమ్మా?" అంది భయంగా. నేను పరుగున వెళ్ళి మైకు లాక్కున్నాను. "లేదండీ. కూర ఎర్రగా ఉంటే కారం మండిపోతుందనుకుంటాం కదా? తీరా చూస్తే అది కాశ్మీరీ మిరపకాయ, రంగే తప్ప కారం ఉండదు. నేనూ అలాగే బోల్తా పడ్డాను. అది దూరం వల్ల వచ్చిన ఎరుపు కాదు, దుమ్ము వల్ల. నాకీ సన్మానం వద్దండీ" అన్నాను.

"దగ్గరంటే ఎంత దగ్గరమ్మా?" అన్నారు వెనక నుంచి ఎవరో అంకుల్.

"అక్కణ్ణుంచి వెలుగు రావడానికి కొన్ని వందల కోట్ల ఏళ్ళు పడుతుందండీ."

"అదా దగ్గర! ఓరి నాయనో, నాకు బ్లాక్‌టౌన్ నుంచి ఆఫీసుకెళ్ళడమే దూరం!"

హాలంతా గొల్లుమంది. మైకు అంకుల్ అప్పటికే శాలువా మడత విప్పేశారు, ఇక దాన్ని మళ్ళీ మడతపెట్టే ఓపిక ఆయనకి లేదు. "తప్పని చెప్పిందీ నువ్వేగా? మరింకేం, వంగు" అని నా మీద కప్పేశారు. నేను ఆ శాలువాలోకి ముక్కు చీదుకున్నాను.

ఆ దుమ్ము గెలాక్సీయే తర్వాత నా థీసిస్‌లో ఒక అధ్యాయమైంది. ఇప్పుడు దూరాలు లెక్కగట్టేది నా దగ్గర చేరిన పిల్లలు, నేను పక్కన నిలబడి రెండో జవాబు కూడా చూడండర్రా అని సతాయిస్తుంటాను. ఆంటీ సిడ్నీ వదిలి, వెర్రిబీ అనే ఊళ్ళో ఉండే కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. మొన్న ఇల్లు సర్దుతుంటే ఆనాటి సన్మానం ఫొటో బయటపడింది. శాలువాలో మునిగిపోయి, ఆముదం తాగిన మొహంతో, తన బతుకూ ఆంటీ పరువూ రెండూ గంగలో కలిసిపోయాయని ఏడుస్తున్న పిల్ల. పిచ్చిమొహమా! ఇంత కాలం నేనూ ఆ ఏడుపు మొహాన్నే చూశాను గానీ పక్కన చూడలేదు. ఫొటోలో టముకు ఆంటీ, తిరిగి లాక్కున్న మైకు ఓ చేత్తో గుండెకి అదుముకుని, రెండో చేయి నా వీపున వేసి, కన్నకూతురికి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు నవ్వుతోంది.