పన్ను తీసెయ్యొద్దండి

మా కాలనీ పార్కుకు తాళం పడిన సాయంత్రం నేను స్కూలు నుంచి నడిచి వస్తున్నాను. గేటు ఊచలు పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఆయాసంతో ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పక్కనే కోడలు. పప్పుల మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టంతా మినప్పొట్టు. గేటుకు చుట్టిన గొలుసును అటూ ఇటూ లాగి చూస్తోంది.

"ఏంటక్కా, ఏమైంది?" అన్నాను.

"తాళమేశారండి టీచరుగారూ. ఇకమీదట కాలనీవాళ్లకేనంట. మమ్మల్ని రావొద్దన్నారంట."

"ఎవరన్నారు?"

ఆమె ఓవర్సీయరుగారి మేడ వైపు ఒకసారి చూసి, అత్తను పొదివి పట్టుకుని వెళ్లిపోయింది.

మేం ఎనభైల మధ్యలో తెనాలిలో, అంగలకుదురు వెళ్లే దారిలో ఇల్లు కట్టుకున్నాం. మావారు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసేవారు. నేను ఆడపిల్లల స్కూల్లో తెలుగు టీచర్ని. పొలాన్ని ప్లాట్లు వేసి అమ్మిన కాలనీ అది. ప్లానులో పార్కు అని పచ్చరంగు వేసి చూపించిన చోట, మేం వెళ్లేసరికి తుమ్మకంప ఉండేది. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు. కాలనీకి వెనకపక్క ఒక సందు ఉంది. అది కాలనీ కంటే చాలా పాతది. పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు. అక్కడివాళ్లు నాట్లకూ కోతలకూ వెళ్లేవారు. పొలం పనుల్లేనప్పుడు మిల్లుల్లో పప్పు చెరగడానికి వెళ్లేవారు. వాళ్లలో సగంమంది మా చర్చికి వచ్చేవాళ్లే.

పార్కు కావాలని కాలనీ సంఘం తరఫున అందరం మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం. సంఘానికి సెక్రటరీ ఓవర్సీయరుగారు. కాలవల శాఖలో చేసి రిటైరయ్యారు. మంచి పనిమంతుడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఆఫీసువాళ్లు ఒక షరతు పెట్టారు. పార్కు వేస్తారు, వీధుల వెంట చెట్లు నాటుతారు. కానీ వాటిని ఏటా చూసుకోవడానికయ్యే ఖర్చు చుట్టుపక్కల ఇళ్లవాళ్లే భరించాలి. ఇంటి పన్నులో పార్కు కింద కొంత కలుపుతారు. పెద్ద ఇంటికి ఎక్కువ, చిన్న ఇంటికి తక్కువ. మేం సరేనన్నాం. చుట్టుపక్కల ఇళ్లు అన్నప్పుడు వెనక సందు కూడా అందులోకే వచ్చింది. అప్పుడు మాత్రం వాళ్లు కాలనీవాళ్లు కాదని ఎవరూ అనలేదు.

పార్కు బాగానే వచ్చింది. బోరు వేశారు, గడ్డి పెంచారు, సిమెంటు బెంచీలు కట్టారు. వీధులకు రెండువైపులా కానుగ మొక్కలు నాటారు. ఓవర్సీయరుగారు దగ్గరుండి గులాబీ మడి వేయించారు. కొన్నాళ్లకు పార్కు బాగోగులు మున్సిపాలిటీ సంఘానికే అప్పజెప్పింది. సందులోని ఆడవాళ్లు పని నుంచి వచ్చి, ఇంత స్నానం చేసి, సాయంత్రాలు అక్కడ చేరేవారు. రేకుల ఇంట్లో ఎండాకాలం ఎలా ఉంటుందో ఉన్నవాళ్లకే తెలుసు. ఆ ముసలావిడకు పార్కులో వేపచెట్టు దగ్గర కూర్చుంటేనే ఊపిరాడేది. మిల్లు దుమ్ములో బతుకంతా గడిపిన ఊపిరితిత్తులు ఆమెవి. కోడలు రోజూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి, వీపు రాస్తూ ఉండేది.

తాళం చూసిన సాయంత్రం నేను ఇంటికి వెళ్లలేదు. సంచీ భుజాన ఉండగానే ఓవర్సీయరుగారి మేడ మెట్లెక్కాను.

"తాళమేంటండి బాబాయిగారూ?"

"కూర్చోమ్మా. కాఫీ తాగుదువుగాని."

"తాళం సంగతి చెప్పండి."

"చెప్పేదేముంది? పొద్దు వాలితే సందంతా అక్కడే ఉంటోంది. తలలు దువ్వుకోవడం, మూటలు విప్పుకుని తినడం, పిల్లల గోల. మన ఆడవాళ్లు కూర్చోడానికి చోటేది? పార్కన్నాక పార్కులా ఉండాలి గదమ్మా."

"వాళ్లూ పన్ను కడుతున్నారండి."

"వాళ్లు కట్టేది ఏపాటి? నేను కట్టేదాంట్లో ఓ మూలకి రాదు."

"మీది పెద్దిల్లు కాబట్టి మీకెక్కువ పడింది. పార్కులో గాలి మీకెక్కువ రావాలని కాదు గదండి. లైబ్రరీకి కూడా ఇంటి పన్నులోనే కడుతున్నాం. లుంగీ కట్టుకొచ్చినాయనకి పేపరు ఇవ్వనంటున్నారా అక్కడ?"

ఆయన నవ్వారు. ఆ నవ్వులోనే అసలు మాట బయటికొచ్చింది.

"మీ చర్చివాళ్లు గదా, నువ్వు వెనకేసుకురాక ఏం చేస్తావులే."

నా చెవులు వేడెక్కిపోయాయి.

"అవునండి, మా చర్చివాళ్లే. మిగతా సగంమంది మీ గుడికొచ్చేవాళ్లు. వాళ్లని వెనకేసుకురావడానికి మీరున్నారనుకున్నాను."

కాఫీ గ్లాసుతో లోపలి నుంచి వచ్చిన ఆయన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

నేను రేపల్లెలో పుట్టి పెరిగాను. మా నాన్న అక్కడ మిషన్ బడిలో పంతులు. మేం అద్దెకున్న ఇంటికి దగ్గర్లో ఆఫీసర్లు ఆడుకునే క్లబ్బు ఉండేది. ముళ్లతీగ కంచె లోపల రంగురంగుల క్రోటన్లు, నున్నగా కత్తిరించిన గడ్డి. నేనూ మా చెల్లెలూ కంచె పట్టుకుని చూస్తుంటే కాపలావాడు కర్ర ఊపుతూ వచ్చేవాడు. నాన్న మమ్మల్ని తీసుకెళ్తూ, "మనది కాదమ్మా, పదండి" అనేవారు. ఆయన మెత్తని మనిషి. ఎవరినీ ఎదిరించి మాట్లాడగా నేను చూడలేదు. ఆ క్లబ్బు నిజంగానే మాది కాదు, ఆయన అన్నదాంట్లో తప్పులేదు. ఈ పార్కు సంగతి అది కాదు. ఇది మాది అని ప్రతి ఇంటి పన్నులోనూ రాసి ఉంది.

సంఘం మీటింగు పెట్టమని పట్టుబట్టాను. పెట్టారు. కమిటీలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. తాళం తీయాలన్నవాళ్లు చేతులెత్తండి అంటే లేచిన చెయ్యి కూడా నాదొక్కటే. మా పక్కింటాయన, వీధిలో కనబడితే "మీరన్నది న్యాయమేనండి" అని చెవిలో చెప్పినాయన, ఆ రోజు తన చేతిగడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక మావారు, "ఎందుకొచ్చిన గొడవ? మనకు గేటు తీస్తారుగా" అన్నారు.

"మనకు తీస్తారనే గదా గొడవ" అన్నాను.

మర్నాడు సాయంత్రం సందులోకి వెళ్లి ఆ మిల్లు కోడల్ని పిలిచాను. "అక్కా, అత్తగారిని తీసుకురా. చాప కూడా తెచ్చుకో. లోపలికి పోనివ్వకపోతే గేటు ముందర కూర్చుందాం. రోడ్డు మీద కూర్చోవద్దని ఎవరూ అనలేరు."

ఆమె గోడకు ఆనించిన చాప అందుకుంది. "మీకు మాటొస్తదేమోనండి?"

"వస్తే రానీ."

అలా మొదలైంది. గేటు ముందు చాపలు పరిచేవాళ్లం. నేను ఇంటి నుంచి పీట తెచ్చుకుని పిల్లల కాంపోజిషన్లు దిద్దుకునేదాన్ని. సందులోంచి మొదట నలుగురైదుగురే వచ్చారు. తర్వాత చాపలు చాలలేదు. ముసలావిడ గేటుకు వీపు ఆనించి కూర్చునేది. లోపలి వేపచెట్టు గాలి ఊచల్లోంచి కొంచెమైనా తగిలేది. స్కూటర్లవాళ్లు హారన్లు కొట్టేవారు. కొందరు కావాలని చాప అంచుదాకా వచ్చి బ్రేకు వేసేవారు. మేం లేచేవాళ్లం కాదు. కాలనీ ఆడవాళ్లు తాళం తీయించుకుని, మా పక్కనుంచి తల తిప్పుకుని లోపలికి వెళ్లేవారు. వాళ్లలో ఒకావిడ వాళ్లమ్మాయిని నా దగ్గర ట్యూషన్ మాన్పించింది. ఇంకొకావిడ నాతో మాట్లాడటం మానేసింది. ఒకరోజు మావారు సైకిల్ దిగి, ఇంట్లోంచి తన మడతకుర్చీ తెచ్చుకుని, మాకు కాస్త దూరంగా వేసుకుని పేపరు చదువుకున్నారు. ఆయన పద్ధతి అంతే. నాకది చాలు.

నేను అనుకోని చోట నుంచి మాకు బలం వచ్చింది. మా గోల, మా నవ్వులు, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం అన్నీ లోపలికి వినబడేవి. ఓవర్సీయరుగారి భార్య లోపల గులాబీల పక్కన ఒక్కతే కూర్చుని మావైపు చూస్తుండేది. ఒక సాయంత్రం ఆవిడ లేచి గేటు దాటి బయటికొచ్చి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మిల్లు కోడలి చాప మీద కూర్చుంది.

"లోపల గాలుంది గానీ మాటల్లేవే అమ్మాయ్" అంది నాతో. తర్వాత ముసలావిడ ఎగశ్వాసను కాసేపు గమనించింది. "ఈవిడ రోజూ ఇట్టాగే కూర్చుంటోందా?"

"రోజూనండి" అంది కోడలు.

మర్నాడు మేం వెళ్లేసరికి గేటుకు తాళం లేదు, గొలుసూ లేదు. ఓవర్సీయరుగారి భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. నేను ఆశ్చర్యంగా చూస్తే, "తాళంచెవి మా వంటింట్లోనేగా ఉండేది" అంది, బజారుకెళ్లి కూరలు తెచ్చినంత మామూలుగా. ఆ గొలుసు ఏమైందని ఆయన అడిగితే తెలియదని చెప్పిందట. ఇంట్లో ఆవిడ ఎన్ని మాటలు పడిందో నాకు తెలియదు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

దాంతో అయిపోయిందనుకున్నాం. కాలేదు. తొంభైల మొదట్లో ఇంటి పన్నులు తిరగేసి కొత్తగా వేశారు. ఎక్కువైందనుకున్నవాళ్లు అర్జీ పెట్టుకోవచ్చన్నారు. అదను చూసి సంఘం ఒక అర్జీ పెట్టింది. బయటివాళ్లు వాడుకునే పార్కుకు మేమెందుకు కట్టాలి, పార్కు కింద కలిపింది రద్దు చేయండి, ఆ తర్వాత నిర్వహణ ఉండని ఆ స్థలాన్ని సంఘానికిస్తే కల్యాణ మండపం కట్టుకుంటాం అని. ఈ సంగతి ఓవర్సీయరుగారి భార్యే నాకు కబురు చేసింది.

విచారణ రోజున ఆఫీసు వరండా నిండా తగ్గించమని అడిగేవాళ్లే. సందులోని ఆడవాళ్లు ఆ రోజు కూలి మానుకుని, ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. నేను సెలవు పెట్టాను. మా వంతు వచ్చాక సంఘం వాదన ఓవర్సీయరుగారు ఇంగ్లీషులో చక్కగా వినిపించారు. ఆఫీసరు అంతా విని, వెనక నిలబడ్డ ఆడవాళ్లను చూశాడు.

"మీకూ పన్ను ఎక్కువైందామ్మా?"

నేను నోరు తెరవబోయాను. అంతకుముందే మిల్లు కోడలు ముందుకొచ్చింది.

"లేదండి. మా పార్కు పన్ను తీసెయ్యొద్దని చెప్పడానికొచ్చామండి."

ఆయన రాస్తున్న కలం ఆపాడు. "తీసెయ్యొద్దా?"

"అవునండి. తీసేస్తే మమ్మల్ని బయటివాళ్లంటారు. కట్టినన్నాళ్లూ అది మాది గూడా. మాకెంత పడితే అంత కడతామండి. ఒక్క ఏడు కూడా ఎగ్గొట్టలేదు."

ఓవర్సీయరుగారు కుర్చీలో కదిలారు. "వాళ్లకేం తెలుసు సార్, ఎవరో నేర్పించి తీసుకొచ్చారు."

ఆమె ఆయన వైపు తిరిగింది. కోపంగా కాదు, నిదానంగా అంది. "మా అత్త ఆయాసం మాకొకరు నేర్పాలా బాబుగారూ?"

వరండాలో పన్ను తగ్గించమని వచ్చినవాళ్లంతా కిటికీ దగ్గర మూగారు. ఎవరో పెద్దగా నవ్వారు, ఆమెను చూసి కాదు. ఆఫీసరు నన్ను కూడా అడిగాడు. "నాదీ ఉంచండి. కావాలంటే పెంచండి. మండపానికి మాత్రం ఆ స్థలం ఇవ్వొద్దు" అన్నాను. మా వెనక ఉన్నవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే మాట చెప్పారు. చెవి సరిగా వినబడని ఒక పెద్దాయన తన వంతులో "ఉంచండి, ఉంచండి" అని రెండు చేతులూ ఊపాడు.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. సంఘం అర్జీ కొట్టేశారు. పార్కు పార్కుగానే ఉంటుందనీ, పగటిపూట గేటు మూయకూడదనీ చెప్పారు.

ఓవర్సీయరుగారు సెక్రటరీ పదవి వదిలేశారు. పార్కు వైపు రావడం మానేశారు. నేను ఎదురైతే వీధి దాటి అవతలికి వెళ్లేవారు. ఆ తర్వాతి వేసవిలో గులాబీ మడి ఎండిపోయింది. గడ్డి అక్కడక్కడా పోయింది. "చూశావా, నీ మాట విన్నందుకు ఎలా తయారైందో" అని కాలనీలో నాతో అన్నవాళ్లున్నారు. పోయినమాట నిజమే. గులాబీలు అందంగా ఉండేవి, నాకూ ఇష్టమే. కానీ ఒక ముసలిమనిషి ఊపిరిని గేటు బయట నిలబెట్టి పెంచిన గులాబీలు ఎండితే ఎండాయి. నేనేమీ బాధపడలేదు, ఇప్పుడూ పడను. కానుగలకు సందువాళ్లూ మేమూ బిందెలతో నీళ్లు పోశాం. అవి బతికాయి. ముసలావిడ ఆ తర్వాత కొన్ని వేసవులు వేపచెట్టు కిందే గడిపింది. ఆమె పోయినప్పుడు సమాధి దగ్గర నా పక్కన నిలబడింది ఓవర్సీయరుగారి భార్య.

తొంభైల చివర్లో నాకు బాపట్ల బదిలీ అయింది. మేం దిగిన వీధిలో ఇసుక తప్ప పచ్చని ఆకు లేదు. మధ్యాహ్నం స్కూలు నుంచి పిల్లలు కాళ్లు కాలుతుంటే పరిగెత్తి పోయేవారు. నేను మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, మా వీధికి చెట్ల పన్ను వెయ్యండి అని అడిగాను. గుమాస్తా తను సరిగా విన్నానో లేదో అనుకుని మళ్లీ అడిగించుకున్నాడు.

"పన్ను వెయ్యమని ఎవరైనా అడుగుతారాండి?"

"అడుగుతారండి. తెనాలిలో అడిగారు."

వీధిలో అందరూ ఒప్పుకుంటే చూద్దామన్నాడు. సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాను. కొందరు సంతకం పెట్టారు. కొందరు నా మొహం మీదే తలుపేశారు. ఆ ఏడాది పని కాలేదు. మరుసటి ఏడాది మళ్లీ బయల్దేరాను. తలుపేసిన ఇళ్లకే ముందు వెళ్లాను.