కాగితంలో లేని ముక్క

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్కంటే నాకు కుళ్ళు. దాచుకోవడమెందుకు, కుళ్ళే. మా తాతయ్యకి చదువు రాదు. పొద్దున్నే మాచర్ల బస్సులో పేపరు దిగితే, వాకిట్లో నులక మంచం మీద కూర్చుని చదివించుకుని వినేవాడు. ఆయనతోపాటు ఇంకో నలుగురైదుగురు రైతులు. చదివేది మాత్రం ఏడో తరగతి అక్క. ఎక్కడా తడుముకోకుండా గడగడా చదివేది. నేను ఆరో తరగతి. పైగా సొంత మనవరాలిని. నాకు చదవడం రాదా అంటే చక్కగా వచ్చు. అయినా మంచం మీద తాతయ్య పక్క చోటు ఆమెది, అందరికీ మంచినీళ్ళు అందించే పని నాది. కడుపు ఎంత మండేదో!

ఒకరోజు ఎవరో జీపులో వచ్చి కరపత్రాలు పంచిపోయారు. మిరప తోటలకి కొత్త మందట. అక్క చదివింది. ఫలానా ఊళ్ళో ఒక రైతు పోయినేడు ఈ మందు కొట్టాడు, చేను విరగ్గాసింది, కాబట్టి ప్రతి రైతూ ఈ మందే కొట్టాలి అని ఉంది అందులో. వింటున్నవాళ్ళందరూ తలలూపారు. తాతయ్య కూడా రేపే తెప్పిద్దామన్నాడు.

నాకు ఒక్కసారిగా వెలిగింది. పోయినేడు మా చేను కూడా విరగ్గాసింది. వానలు అదునులో పడ్డాయి. మిరప పళ్ళు కోసి కోసి నా చేతులు రెండు రోజులు మండాయి. ఆ మందు పేరే మేం వినలేదు. మరి ఆ మందు కొట్టని చేలు ఎట్టా కాశాయో కాగితంలో రాసుండాలి కదా! రాసే ఉంటారు, అక్కే చదవకుండా దాటేసింది. దొరికిందిరా దొంగ అనుకున్నాను.

"తాతయ్యా, అక్క ఒక ముక్క మింగేసింది! మందు కొట్టని మన చేను కూడా కాసిందిగా, ఆ సంగతి చదవలా!" అని అందరి ముందూ అరిచాను.

అక్క మొహం ఎర్రబడింది. "లేదు తాతయ్యా, ఉన్నదంతా చదివా" అంది.

తాతయ్య ఎవరినీ కసరలేదు. ఒక్కో వరస కింద వేలు పెట్టి మళ్ళీ చదవమని అక్కకి చెప్పాడు. నన్ను పక్కన నిలబడి చూడమన్నాడు. చూశాను. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. నేను చెప్పిన ముక్క ఎక్కడా లేదు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

"అయితే మింగింది ఎవరే?" అని తాతయ్యే అడిగి, తాతయ్యే చెప్పాడు. "రాసినోడు. అమ్ముకునేవాడు గనక వాడికి పనికొచ్చే చేను ఒక్కటే చూపించాడు. కాసింది మందుకో వానకో మనం అడగొద్దూ? ఇంతమందిమి ఉండి అడగలా. నువ్వు అడిగావ్." మందు సంగతి తర్వాత చూద్దామన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం. అంతలోనే ఆయన నాకేసి తిరిగి, "మరి అక్క మింగిందని నువ్వెట్టా తేల్చావ్? కాగితం చూశావా?" అన్నాడు.

చూడలేదు. నా దగ్గరున్న సాక్ష్యమల్లా కుళ్ళే. ఏడుపొచ్చేసింది. అప్పుడు అక్క మంచం మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది. ఆమె చోటులో నేనుంటే చచ్చినా ఇచ్చేదాన్ని కాదు. పక్కన కూర్చున్నాక కూడా కుళ్ళుకున్నాను, ఈ మంచితనం కూడా ఈమెకే రావాలా అని.

ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు. ఏదో పొడి తిని ఒకావిడ లేచి పరిగెత్తిందని ఫోన్లో మెసేజీలు వస్తుంటాయి. తిన్నా తగ్గనివాళ్ళ సంగతేంది, తినకుండానే తగ్గినవాళ్ళ సంగతేంది అని మనవడిని అడుగుతాను. వాడు నవ్వుతాడు. అట్టా అడగడం తేలికే. నాకు గిట్టనివాళ్ళ మీద ఎవరన్నా ఒక మాట చెప్పినప్పుడే చానా కష్టం, ఇట్టే నమ్మబుద్ధవుతుంది. అప్పుడు ఆ వరసల కింద కదిలిన అక్క వేలు గుర్తొస్తుంది. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, కాగితం చూశానా అని నన్ను నేను అడుగుతాను.