నీలం వెలుగు, నా చున్నీ పోగు

మూడు నెలలుగా సిలికాన్ పొరకు యాసిడ్‌లో కంటికి కనబడని చిల్లులు వేస్తున్నాను. అలా గుల్లబారిన పొర మీద అతినీలలోహిత దీపం వేస్తే అది నారింజ రంగులో వెలగాలి. ఈ రోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో లైట్లార్పి దీపం వేస్తే, పొర మీద నీలంగా ఒక మెరుపు కనిపించింది. రంగు తేడాగా ఉన్నా, ఆక్సైడ్ పట్టి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకొని, ఫొటో తీసి గైడ్ సార్‌కి పంపేశాను.

మా ల్యాబ్ అటెండర్ సమ్మయ్య కాక పక్కనే ఉన్నాడు. కాశిబుగ్గలో ఏళ్ల తరబడి మగ్గం నేసి, తర్వాత ఈ కొలువులో చేరిన మనిషి. వంగి చూశాడు.

"జర ఆగు బిడ్డా. గది నూలు పోగు."

"పోగు వెలుగుతుందా కాకా?"

"వెలుగుతదో లేదో నాకేం ఎర్క? పోగునైతే గుర్తువడ్త. పొద్దుగాల నీ తెల్ల చున్నీతోని పొర పెట్టే ప్లేటు తుడ్సినవ్ గద."

పట్టకారుతో తీశాను. వెలుగు కూడా దానితోపాటే వచ్చేసింది. సబ్బుపొడితో ఉతికిన తెల్లబట్ట ఆ దీపం కింద అలాగే మెరుస్తుందని నాకు తెలియనిది కాదు. పొర మాత్రం నల్లగానే ఉంది.

సార్‌కి నిజం రాసి పంపాను. వెలుగు కనబడితే చాలనుకున్నాను గానీ, అది దేనిదని అడగనే లేదు. మీరూ ఎప్పుడైనా ఇలా చేశారా? ధైర్యముంటే కింద రాయండి.

సాయంత్రం తాళం వేస్తూ కాక అడిగాడు. "మరి మన పొర ఎప్పుడు వెలుగుతది బిడ్డా?"

ఈ మూడు నెలల్లో దాన్ని మన పొర అన్న మొదటి మనిషి ఆయనే.