నాయనమ్మ చేతికిచ్చిన సూది

నా చిన్నప్పుడు మియాపూర్‌లోని మా ఫ్లాట్‌లో పెరుగు ఒక్క నాయనమ్మ కోసమే ఉండేది. నాకు పాలు పడవు. పడకపోవడమంటే కడుపునొప్పి రావడం కాదు, కాస్త లోపలికి పోయినా గొంతు వాచి ఊపిరి ఆడదు. అమ్మానాన్నలు హైటెక్ సిటీలో ఉద్యోగాలకు వెళితే నన్ను చూసుకోవడానికి నాయనమ్మ గోదావరి జిల్లా నుంచి వచ్చింది. పెరుగు లేని భోజనం ఆవిడకు భోజనమే కాదు. బక్కగా ఉన్న నన్ను చూసి, పాలు పడకపోవడమేమిటి, ఇదంతా డాక్టర్లు పెట్టిన భయం అని గొణుక్కునేది.

ఒక వేసవి మధ్యాహ్నం పప్పన్నంలో చెంచాడు మీగడ కలిపి నాకు ముద్దలు పెట్టింది. రెండో ముద్దకే పెదవులు మండాయి. తర్వాతిది మింగలేకపోయాను. ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షన్ అల్మారాలో ఉందని నాయనమ్మకు తెలుసు, ఎలా చెయ్యాలో తెలియదు. ఆ డబ్బా పట్టుకుని, నన్ను ఎత్తుకుని, పక్కింటి తలుపు బాదింది. "అమ్మాయ్, నా చేతులారా చంపేసుకున్నానే!" అన్న ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

పక్కింటి అక్క నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉంది. తలుపు తీసి, ఒక్క ప్రశ్న వెయ్యకుండా నన్ను నేల మీద పడుకోబెట్టి తొడకు సూది గుచ్చింది. వెంటనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా నాయనమ్మ నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంది.

బతికాను. పరుగున వచ్చిన నాన్న ఆసుపత్రి వరండాలో అందరి ముందూ నాయనమ్మతో అన్నాడు: "ఇంక దానికి నువ్వేం పెట్టకు. దగ్గరికే రాకు." అమ్మ నన్ను పట్టుకుని ఉండిపోయింది, అడ్డు చెప్పలేదు. ఇంటికొచ్చాక నాయనమ్మ నా మంచం దాకా రాలేదు. గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయేది. అన్నం మానేసింది. సంచి సర్దుకుని, లింగంపల్లిలో రైలెక్కించమని నాన్నను అడిగింది. నాన్న కాదనలేదు.

ప్రయాణం నాటి పొద్దున అక్క ఒక బత్తాయి, మందు లేని సిరంజి తెచ్చి నాయనమ్మ పక్కన నేల మీద కూచుంది.

"అమ్మా, మీరు పోతే పొద్దంత పిల్ల కాడ ఎవరుంటరు? ఇగ మీరు నేర్చుకోవాలె. పట్టుకోండి."

"నా చేతికివ్వకే తల్లీ. నన్ను నమ్మకు."

"మీకంటె జాగ్రత్తగ ఇంకెవరుంటరమ్మా ఇప్పుడు? జర గుచ్చండి."

సిరంజి నాయనమ్మ చేతిలోంచి జారిపోయింది. అక్క తీసిచ్చింది. మళ్ళీ జారింది. అక్క తొందరపెట్టలేదు. చివరికి సూది బత్తాయిలోకి దిగినప్పుడు నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న నాన్న, కింద ఆగి ఉన్న ఆటోను పంపెయ్యడానికి మెట్లు దిగాడు.

ఆ ఇంజెక్షన్ చెయ్యాల్సిన అవసరం నాయనమ్మకు రానే లేదు. చనిపోయేదాకా నా అన్నం ఆవిడే కలిపింది.

ఇప్పుడు ఇంట్లోనూ ఆఫీసులోనూ నేను పెద్దదాన్ని. ఎవరి చేతిలోనైనా పని చెడి, వాళ్ళు తలెత్తలేక నిలబడినప్పుడు నా నోటికి ముందు నాన్న మాటే వస్తుంది. దాన్ని ఆపుకుని, వెళ్ళి అక్కలా వాళ్ళ పక్కన కూచుంటాను.