అత్తయ్య పోసిన గ్లూకోజు

పత్తి లారీ మీంచి పడి నా భర్త తలకు పెద్ద దెబ్బ తగిలింది. నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చిన మర్నాటికి కూడా స్పృహ రాలేదు. మనిషి దక్కుతాడా లేదా అని అడగడానికి చంకలో పాపతో డాక్టరు ముందు నిలబడ్డాను.

"రక్తంలో చక్కెర బాగా పెరిగిందమ్మా. ఆయనకు షుగరు జబ్బు లేదంటున్నారు. తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్ళకు ఇలా పెరిగితే కోలుకోవడం కష్టం," అన్నాడు డాక్టరు.

పక్కనే ఉన్న అత్తయ్య గబుక్కున ముందుకొచ్చింది. "అది నేను జేసిన పనయ్యా. చూడ్డానికొచ్చినోళ్ళు తెచ్చిన గ్లూకోజు పొడి నీళ్ళల్లో కలిపి, నర్సు లేనప్పుడు ముక్కు గొట్టంలో పోశా. కడుపులో ఏం లేకుండా పడుంటే ఎట్టా చూసేది?"

డాక్టరు ఆమెను గట్టిగా తిట్టాడు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. బీయస్సీ చదివినదాన్ని, చక్కెర దెబ్బవల్ల కాదు, ఆ పొడివల్లే పెరిగి ఉంటుందని నమ్మాను. మంచం కింద పోగైన గ్లూకోజు డబ్బాలన్నీ తీయించేశాను. "పాపిష్టిదాన్ని, అంతా నావల్లే," అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పుకుంటూ అత్తయ్య కాస్త తేరుకుంది. ఆ పూట అన్నం కూడా తింది.

మర్నాడు మళ్ళీ రక్తం తీసి చూశారు. ఈసారి డాక్టరు తిట్టలేదు.

"తగ్గలేదు పెద్దమ్మా. మీరు పోసినదానివల్ల కాదు. మీ తప్పేం లేదు."

అత్తయ్య అక్కడే కూలబడి అతని కాళ్ళు పట్టుకుంది. "నా తప్పేనని చెప్పయ్యా, నీకు దణ్ణం పెడతా."

పాపను గుండెకు అదుముకుని, డాక్టరు ఔనంటాడేమోనని నేనూ అతని ముఖంలోకే చూశాను.