వంటగదిలోంచి విన్న పాఠాలు

ఆవిడ బడిలో ఉద్యోగం మానేసి ఏళ్ళు గడిచినా వీధిలో అందరికీ లెక్కల టీచరుగానే మిగిలిపోయింది. కూరగాయల కొట్టువాడు ఆవిణ్ణి చూడగానే, "టీచరుగారు వస్తే నా తక్కెడ కూడా వణుకుతుందమ్మా" అని నవ్వేవాడు. ఆవిడా నవ్వేది. కానీ ముల్లు కాస్త పక్కకి ఒరిగిందంటే మాత్రం ఊరుకునేది కాదు.

ఉద్యోగం మానింది పెద్ద కూతురి కోసం. ఆ పిల్లకి నత్తి ఉండేది. తరగతిలో పాఠం చదవమంటే లేచి నిలబడి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. తోటి పిల్లలు ఆ అక్షరాన్నే అందుకుని పాటలాగా సాగదీసేవాళ్ళు. ఒకరోజు అదే బడిలో పనిచేసే తల్లి వరండాలో వెళ్తూ ఆ తమాషా కళ్ళారా చూసింది. పిల్లలు నవ్వడం కంటే, వాళ్ళని ఆపవలసిన పంతులమ్మ పెదవి బిగపట్టి నవ్వు మింగుకోవడం చూసి ఆవిడ గుండె కలుక్కుమంది.

"దీన్ని ఇంట్లోనే పెట్టుకుని నేనే చదువు చెప్పుకుంటానండీ" అంది ఆ సాయంత్రం భర్తతో.

ఆయన లిఫ్టు మెకానిక్. పెద్ద పెద్ద భవనాల్లో ఆగిపోయిన లిఫ్టుల్ని నడిపించడం ఆయన పని. మాటల దగ్గర మాత్రం మహా పొదుపరి. "ప్రార్థన చేద్దాం" అన్నాడు. ప్రార్థన అయ్యాక, "అలాగే కానీ. దేవుడు మన చేతికిచ్చిన బిడ్డ. మన చేతుల్లోనే పెరగనీ" అన్నాడు. ఆ వారంలోనే ఎక్కడో పారేసిన పాత లిఫ్టు తలుపు రేకు ఒకటి భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చి, దానికి నల్లరంగు పూసి భోజనాల గది గోడకి బిగించాడు. అలా వాళ్ళింట్లో బడి మొదలైంది.

పొద్దున్నే కీర్తన, బైబిలు వాక్యం, ప్రార్థన. తర్వాత భోజనాల బల్ల శుభ్రంగా తుడిస్తే అదే తరగతి గది. స్నానం చేసి, తల దువ్వుకుని, బయటికి వెళ్ళే బట్టలు వేసుకుంటే గాని ఆ బల్ల దగ్గర కూర్చోనిచ్చేది కాదు ఆవిడ. "పడుకున్న బట్టలతో కూర్చుంటే చదువు కూడా ఆవలిస్తుంది" అనేది. ఇంట్లో ఆ పిల్లని తొందరపెట్టేవాళ్ళు లేరు. ఒక మాట కోసం తల్లి ఎంతసేపైనా సుద్దముక్క పట్టుకుని నిలబడేది. కీర్తనల్లో రాగంతోపాటు మాట కూడా సాఫీగా జారేది. అలా పాడీ పాడీ, చదివీ చదివీ, ఒక ఆదివారం ఆ పిల్ల చర్చిలో సంఘం ముందు నిలబడి వాక్యభాగం మొత్తం ఎక్కడా ఆగకుండా చదివింది. వెనక వరసలో తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. తను చేసింది మంచిపనేనని ఆవిడకి ఆ రోజు ఎంత గట్టిగా అనిపించిందంటే, తర్వాత చాలాకాలం దాని గురించి మళ్ళీ ఆలోచించాలనే తోచలేదు.

తర్వాత కవలలు పుట్టారు, ఇద్దరూ మగపిల్లలు. ఆ కాన్పుకి ఆవిడ మంచం దిగలేకపోయింది. "నువ్వే కదమ్మా ఇంటికి పెద్దదానివి" అంది కూతురితో. ఆ మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో అంత గట్టిగా ఆ పిల్ల నెత్తిన కూర్చుంది. పాలసీసాలు కడగడం, గుడ్డలు ఆరెయ్యడం, పొయ్యి వెలిగించడం, ఒకణ్ణి జోకొడుతూ ఇంకొకణ్ణి కాలితో ఉయ్యాల ఊపడం అన్నీ చకచకా పట్టుబడ్డాయి. కవలలకి మాటలు వచ్చాక ఆమెని అక్కా అని పిలవలేదు. అమ్మ పెద్దమ్మైతే ఈమె చిన్నమ్మ అనుకున్నారేమో, "చిన్నమ్మా" అనేవాళ్ళు. సంఘంలో అందరూ మురిసిపోయారు. "మీ ఇంట్లో ఇద్దరు తల్లులండీ" అనేవారు పాస్టరమ్మగారు. ఆ మాటకి టీచరు ఒళ్ళు పొంగేది. ఆ తర్వాత పుట్టిన కడగొట్టు పిల్ల బుజ్జి కూడా ఆ చంకలోనే పెరిగింది.

కవలలకి ఓనమాలు దిద్దించింది చిన్నమ్మే. ఎక్కాలు బట్టీ పట్టించిందీ తనే. వాళ్ళు పై తరగతుల పాఠాలకి వచ్చాక, "ఇక్కణ్ణించి నేను చూసుకుంటాలే" అని తల్లి సుద్దముక్క అందుకుంది. బీజగణితం, రేఖాగణితం అంటే ఆవిడకి ప్రాణం. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఆ రేకు మీద గీతలు, అంకెలు కిటకిటలాడేవి. ఆ సమయంలో ఇంట్లో ఎవరో ఒకరు వంట చెయ్యాలి కదా. భోజనాల గదికీ వంటగదికీ మధ్య తలుపు లేని గుమ్మం ఒకటే. పాఠం ఇటు, పొయ్యి అటు.

పెద్దదాని పదో తరగతి పరీక్ష సంగతి ఎవరూ మరిచిపోలేదు. ప్రైవేటుగా కట్టించి రాయించాలనే అనుకున్నారు. బుజ్జి కడుపులో ఉందని ఒక ఏడాది ఆగారు. మరుసటేడు టీచరుకి నడుంనొప్పి. ఆ పై ఏడు, ఇళ్ళల్లో చదువు చెప్పుకునే తల్లులందరికీ సంఘంలో కూటాలు మొదలై, వాటిలో మాట్లాడే బాధ్యత ఆవిడ మీద పడింది. "వచ్చే ఏడు నిశ్చింతగా రాద్దువుగాని తల్లీ" అనేది. కొన్నాళ్ళకి పిల్లే, "ఇప్పుడు తొందరేముందిలే అమ్మా" అనడం నేర్చుకుంది. తల్లి దాన్ని వినయం అనుకుంది.

తండ్రి అప్పుడప్పుడు పనికిరాని భవనాల పటాలు ఇంటికి తెచ్చేవాడు. చిన్నమ్మ అంట్లు అయ్యాక వాటి వెనకవైపు మెట్లు, గదులు, కిటికీలు స్కేలు పెట్టి గీసేది. అలాంటి పటాలు గీయడం నేర్పే చోటు ఉందని, దానికి పది పాసవ్వాలని తండ్రి నోట విన్నది. ఒకసారి గీసినది తీసుకొచ్చి తల్లికి చూపించింది. "ఎంత చక్కగా గీశావే" అంది టీచరు. ఆ వెంటనే, "పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడు" అంది.

కూటాల్లో ఆవిడ మాటంటే అందరికీ గురి. "నలుగురు పిల్లలు, ఇల్లు, చదువు, ఇన్నీ ఎలా కుదురుతున్నాయి టీచరుగారూ?" అని అడిగేవారు కొత్త తల్లులు. "అంతా దేవుని కృప" అనేదావిడ. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ కృపలో సగం ఆ వేళకి ఇంట్లో నిలబడి గిన్నెలు తోముతూ ఉండేది.

కవలలు పది పరీక్షలకి తయారయ్యారు. వాళ్ళ దరఖాస్తులు నింపడానికి కూర్చున్నప్పుడు తండ్రి కలం ఆపాడు.

"మరి పెద్దదాని మాటేమిటి?"

"అదీ రాస్తుంది" అంది టీచరు. "దానికి రానిదేముంది, అన్నీ వింటూనే ఉంటుందిగా."

పరీక్ష మొదటిరోజు గేటు దగ్గరి మనిషి చిన్నమ్మని ఆపేశాడట. "అక్కలు, అమ్మలు బయటే ఉండాలమ్మా" అన్నాడట. కవలల్లో మాటకారి వాడు రాత్రి భోజనాల దగ్గర ఆ గొంతు అనుకరించి మరీ చెప్పాడు. అందరూ పడీ పడీ నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వి, వాడి గిన్నెలో ఇంకాస్త వడ్డించింది.

ఫలితాలు వచ్చాయి. కవలలిద్దరికీ మంచి మార్కులు. చిన్నమ్మ అన్నీ పాసై లెక్కల్లో తప్పింది.

ఆదివారం పాస్టరుగారు కవలల్ని ముందుకి పిలిచి తల మీద చేతులుంచి ప్రార్థించారు. "వీళ్ళ విజయం వెనక ఒక తల్లి ఉంది" అన్నారు. సంఘమంతా వెనక్కి తిరిగి టీచరు వైపు చూసింది. ఆవిడ తల దించుకుంది. పక్కనే చిన్నమ్మ బుజ్జి జడకి ఊడిపోయిన రిబ్బను ముడివేస్తూ కూర్చుంది. ఇంటికొచ్చేదాకా ఆవిడ చెవుల్లో ఒకటే మాట. లెక్కల టీచరు కూతురు లెక్కల్లో తప్పింది. నిజం చెప్పాలంటే, మొదట ఆవిడకి కలిగింది జాలి కాదు, కోపం.

మర్నాడు ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని కూతుర్ని కూర్చోబెట్టింది.

"మొదటి భాగం అంతా తప్పులేకుండా చేశానన్నావు. మరి ఈ రెండో భాగం ఎందుకు వదిలేశావు? ఇది ఎంత సులువు. మొదటి మెట్టు ఇదిగో, ఈ కాగితం అంచున నువ్వే సరిగ్గా వేశావు. రెండోది వేస్తే అయిపోయేదిగా."

"రెండోది నాకు తెలీదమ్మా."

"తెలీకపోవడమేమిటి? ఈ పాఠం నేను చెప్పలేదూ?"

"వాళ్ళకి చెప్పావు. నేను వంటగదిలోంచి విన్నాను." చిన్నమ్మ కాగితం అంచు మడిచి మళ్ళీ సరిచేసింది. "చాలావరకు వినపడేది. కుక్కరు కూత వేసినప్పుడు మధ్యలో కొంత పోయేది. నువ్వు బోర్డు మీద రాసి 'ఇదిగో ఇక్కడ చూడండి' అంటే మాత్రం నాకు కనపడేది కాదు."

ఆ పిల్ల నిష్ఠూరంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. కొడుకులకి ఆ పాఠం చెప్పిన రోజు టీచరుకి బాగా గుర్తుంది. వాళ్ళకి అర్థం కాలేదని అదే లెక్క మూడు రకాలుగా చేసి చూపించింది. ఆ రోజు ఆకలి వేస్తోందని పాఠం మధ్యలో గుమ్మం వైపు తిరిగి, "ఇంకా ఎంతసేపే?" అని కేకేసిందీ తనే. దీపం కింద చీకటంటారు. ఆ దీపం తనేనని ఆవిడకి ఇన్నేళ్ళూ తట్టలేదు.

"ఎందుకు చెప్పలేదే నాకు?" అంది.

"ఏం చెప్పను? నువ్వు అప్పటికే అలిసిపోయి ఉండేదానివి."

ఆ రోజు టీచరే వంట చేసింది. వంట మాడిందని ఎవరూ అనలేదు. భోజనాలయ్యాక కూతురి దగ్గరికి వచ్చి, "రేపట్నించి రోజూ నీకొక్కదానికే చెప్తాను. పొయ్యి దగ్గరికి నువ్వు వెళ్ళనక్కర్లేదు" అంది.

"వద్దమ్మా" అంది చిన్నమ్మ నెమ్మదిగా. "బస్టాండు దగ్గర పెద్దవాళ్ళకి సాయంత్రం క్లాసులు చెప్తున్నారట. నాన్న కనుక్కొచ్చాడు. అక్కడికి వెళ్తాను."

"నాకంటే బాగా చెప్తారా వాళ్ళు?"

"చెప్పరేమో. కానీ నీ ముందు కూర్చుంటే నా చెవి పొయ్యి వైపే ఉంటుంది. నేనేం చెయ్యను."

తన చదువంతా, తన అనుభవమంతా తీసుకొచ్చి ఒళ్ళో పోస్తానంటే కూతురు వద్దంది. ఆ దెబ్బ ఆవిడకి చాలాకాలం మానలేదు. సాయంత్రం చిన్నమ్మ పుస్తకాల సంచి తగిలించుకుని మెట్లు దిగుతుంటే కిటికీ దగ్గర నిలబడేది. ఏ పాఠం అయిందని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. అడిగేది కాదు. చిన్నమ్మ ఆ లెక్కల పరీక్ష పాసైంది. తర్వాత పటాలు గీయడం నేర్చుకునే చోట చేరింది. అక్కడ అందరూ తనకంటే చిన్నవాళ్ళు. వాళ్ళు రెండో రోజుకే అక్కా అని పిలవడం మొదలుపెట్టి, తమ పెన్సిళ్ళు చెక్కి పెట్టమన్నారట. ఇప్పుడు ఒక చిన్న ఆఫీసులో భవనాల మెట్ల పటాలు గీస్తోంది. పనికి దగ్గరగా ఉంటుందని ఇంకో అమ్మాయితో కలిసి గది తీసుకుంది.

ఇంట్లో బడి ఆగలేదు. బుజ్జి ఒక్కతే విద్యార్థిని. పాఠం అయ్యేదాకా పొయ్యి వెలిగించకూడదని టీచరు నియమం పెట్టింది. వంట వంతు కవలలది. "వీళ్ళ వంటకి తినేముందు ఒక ప్రార్థన సరిపోదు, తిన్నాక ఇంకోటి కావాలి" అన్నాడు తండ్రి ఒకసారి. ఆ ఇంట్లో ఆయన విసిరిన ఛలోక్తి బహుశా అదొక్కటే.

కూటాల్లో మాట్లాడటం ఆవిడ తగ్గించుకుంది. ఒకసారి చంటిబిడ్డని ఎత్తుకున్న యువతి, "మా పెద్దమ్మాయి ఎంత సాయమో టీచరుగారూ, అది లేకపోతే నాకు రోజు గడవదు" అని సంబరంగా చెప్పింది. టీచరు ఆ బిడ్డని తన చేతుల్లోకి తీసుకుని, "వీణ్ణి రోజూ కాసేపు నా దగ్గర వదిలెయ్యి. ఆ కాసేపు పెద్దదాని ఎదురుగా కూర్చో. వేరే పని పెట్టుకోకు" అంది. ఎందుకో ఆ యువతికి అర్థం కాలేదు. పాస్టరమ్మగారికి అర్థమైనట్టుంది. టీచరు భుజం మీద చెయ్యి వేశారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నమ్మ ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ ధైర్యం చేసి అడిగేసింది.

"నన్ను క్షమించావా అమ్మా?"

"ఎప్పుడో" అంది చిన్నమ్మ, ప్రార్థన చివర ఆమేన్ అన్నంత వెంటనే.

ఆ జవాబు టీచరుకి తేలిక కలిగించలేదు. తప్పు తనకి తెలియకముందే, ఆ పొయ్యి దగ్గర నిలబడే, ఆ పిల్ల ఎన్నిసార్లు క్షమించి ఉంటుందో. ఆ లెక్క మాత్రం ఆవిడకి తేలలేదు.

ఇప్పుడు చిన్నమ్మ వస్తే ఆవిడ కుర్చీలోంచి లేవనివ్వదు. మంచినీళ్ళు కూడా తనే తెచ్చిస్తుంది. మొన్న భోజనాలయ్యాక చిన్నమ్మ కంచాలు తియ్యబోతే, "నువ్వు కూర్చో" అని చెయ్యి పట్టుకుంది.

"నన్ను చుట్టాన్ని చెయ్యకమ్మా" అంది చిన్నమ్మ. అని, మళ్ళీ కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. టీచరు కంచాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వంటగదిలోకి వెళ్ళింది. అక్కణ్ణించి చెవి ఒగ్గి వింది. బల్ల దగ్గర చిన్నమ్మ బుజ్జికి మలుపు తిరిగే మెట్లు ఎలా గీయాలో చెబుతోంది. కుళాయి చప్పుడుకి మాటలు సరిగ్గా వినపడలేదు. ఆవిడ కుళాయి కట్టేసి, తడిచేతులతో అలాగే నిలబడింది.